తీగల మీద కూడా లైన్ క్లియర్ కావలెను

(సూరత్ నగరంలోని అడాజన్‌లో జరిగిన తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో మన ఫెడరేషన్ కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



తాపీ నది ఒడ్డున ఉన్న ఈ అడాజన్‌లో ఇంతమంది తెలుగు ఉద్యోగులను ఒక్కచోట చూడడం మాకు మిక్కిలి సంతోషంగా ఉన్నది. సూరత్ అనగానే మనవారికి మొదట జ్ఞాపకం వచ్చేది మరమగ్గము. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుండి పొట్ట చేతపట్టుకొని వచ్చిన నేత కుటుంబాలు ఈ నగరంలో తరాలుగా స్థిరపడినవి. వారిని ఇక్కడికి చేర్చినది రైలు. వారి కష్టార్జితాన్ని ఊరిలో ఉన్న తల్లిదండ్రులకు చేర్చినది తపాలా మనీ ఆర్డరు. ఆ రెండు శాఖల వారూ నేడు ఈ సభలో పక్కపక్కన కూర్చున్నారు. అది సముచితంగా ఉన్నది.

నేటి సభకు ఇక్కడి మిత్రులు కోరిన విషయం కరువు భత్యము కాదు, పదోన్నతి కాదు. “నెట్‌వర్క్ ఎక్కడో ఆగిపోతే సంజాయిషీ మేమెందుకు చెప్పుకోవాలి?” అని వారు వ్రాసి పంపినారు. ప్రశ్న చిన్నది. జవాబు చెప్పాలంటే నెట్‌వర్క్ అనే యంత్రాంగం నేడు ఏ విధంగా మారుతున్నదో కొంత తెలుసుకొనవలెను.

ముందుగా ఒక సంఘటన మనవి చేస్తాము. ఏ ఊరో, ఏ కార్యాలయమో చెప్పము. అది ఒక సబ్ పోస్టాఫీసు. నెల మొదటి వారం. పింఛను కొరకు వచ్చినవారు, నెలవారీ ఆదాయ పథకపు వడ్డీ కొరకు వచ్చినవారు వరండా నిండా ఉన్నారు. ఉదయం పదిన్నరకు కంప్యూటరు తెరమీది చక్రం తిరగడం మొదలైనది. మధ్యాహ్నం రెండున్నర దాకా తిరుగుతూనే ఉన్నది. ఆసుపత్రి ఖర్చుకు డబ్బు తీయవచ్చిన ఒక వృద్ధురాలు, “నాయనా, నా డబ్బు నాకివ్వడానికి ఎవరిని అడుగుతున్నావు?” అన్నది. కౌంటరులో ఉన్న మన సోదరుని వద్ద జవాబు లేదు. ఆనాటి లెక్కలు రాత్రి ఎనిమిదికి ముగిసినవి. వారం తరువాత, ఆలస్యమునకు కారణమేమని అతనికి మెమో వచ్చినది. “లైను లేదు” అని అతడు వ్రాసినాడు. “మా రికార్డు ప్రకారం ఆ రోజంతా లైను ఉన్నది” అని పైనుండి తిరుగు జవాబు వచ్చినది.

ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. కేంద్రంలోని యంత్రం లైను బ్రతికి ఉన్నదా లేదా అని చిన్న పలకరింపు పంపుతుంది. “ఉన్నాను” అని బదులు వస్తే ఉన్నట్లే నమోదు చేస్తుంది. నాటి ఉదయం పలకరింపునకు బదులు వచ్చినది. కాని ఖాతా తెరచి, సొమ్ము లెక్కకట్టి, రసీదు తెచ్చేటంత బరువు ఆ లైను మోయలేకపోయినది. నాడి ఆడుతున్నది, మనిషి లేవలేడు. ఈ మాట రుజువు చేసి ఆ మెమో రద్దు చేయించడానికి మాకు ఏడు నెలలు పట్టినది. ఆ ఏడు నెలలలో నేర్చుకున్నదే నేడు మీతో పంచుకుంటున్నాము.

పాత పద్ధతి ఏమిటి? మన రైల్వే సోదరులకు లీవర్ కేబిన్ జ్ఞాపకం ఉంటుంది. ప్రతి స్టేషను వద్ద ఒక మాస్టరు. ఆయన పక్క స్టేషనుతో మాట్లాడి లైన్ క్లియర్ తీసుకొని, పాయింట్లు మార్పించి, సిగ్నలు దింపించి బండిని పంపేవాడు. తెలివీ అక్కడే, చేయీ అక్కడే. కంప్యూటరు నెట్‌వర్కులో రూటరు అనే పెట్టె కూడా సరిగా ఈ విధంగానే పనిచేసేది. అది పక్క రూటర్లతో మాట్లాడుకొని, ఏ సమాచారాన్ని ఏ దారిన పంపవలెనో తానే నిర్ణయించుకునేది. దారి చూసే బుద్ధి, తోసే బలము రెండూ ఒకే పెట్టెలో ఉండేవి.

ఈ రెంటినీ విడదీయడమే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ నెట్‌వర్కింగ్. బుద్ధిని పెట్టెలో నుండి తీసి ఒక కేంద్రంలో ఉంచుతారు. దానిని కంట్రోలర్ అంటారు. ఊరూరా ఉన్న పెట్టెలకు మిగిలేది ఆజ్ఞ పాటించి సమాచారాన్ని తోయడమే. 2008లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు, ఇతర విద్యాలయాల వారితో కలసి, ఓపెన్‌ఫ్లో అనే పద్ధతిని ప్రకటించినప్పటి నుండి ఈ ఆలోచనకు బలం వచ్చినది. మనకిది వింత కాదు. మన గుజరాత్‌లోనే, పశ్చిమ ప్రత్యేక సరకు రవాణా మార్గపు నియంత్రణ కేంద్రం అహ్మదాబాదులో 2024 మార్చిలో ప్రారంభమైనది. వందల కిలోమీటర్ల దూరాన నడిచే సరకు బండ్లను ఒక గదిలో, ఒక గోడంత తెర ముందు కూర్చొని నడిపిస్తారు. పట్టాల మీద జరిగినదే తీగల మీదా జరుగుతున్నది.

రెండవ ఆలోచన వర్చువలైజేషన్. ఇందులో రెండు సంగతులున్నవి. ఒకటి తపాలా రైలు పెట్టె వంటిది. ఆర్.ఎం.ఎస్. వ్యాన్ ఒక్కటే, అందులో సంచులు అనేకం. ప్రతి సంచికి వేరు లేబులు, వేరు సీలు. ఒక సంచిలోని ఉత్తరం మరొక సంచిలోనికి పోదు. అదే విధంగా ఒకే తీగ మీద అనేక నెట్‌వర్కులను, ఒకదానికొకటి కనిపించకుండా నడపవచ్చును. ఇందుకు మన రైల్‌టెల్ సంస్థయే ఉదాహరణ. 2000 సెప్టెంబరులో ఏర్పడిన ఈ ప్రభుత్వరంగ సంస్థకు రైలు మార్గాల వెంట 60,000 కిలోమీటర్లకు పైగా ఆప్టికల్ ఫైబరు ఉన్నది. సికింద్రాబాదులోను, గురుగ్రామ్‌లోను డేటా సెంటర్లున్నవి. రైల్వే శాఖ సమాచారము, ఇతర సంస్థల వ్యవహారము, ఇళ్లకు పోయే రైల్‌వైర్ ఇంటర్నెట్టు, అన్నింటికీ ఆ ఫైబరే ఆధారము. సంచులు మాత్రం వేరు.

రెండవ సంగతి మల్టీపర్పస్ కౌంటరు వంటిది. పూర్వం పోస్టాఫీసులో రిజిస్ట్రీకి ఒక కిటికీ, మనీ ఆర్డరుకు ఒక కిటికీ, స్టాంపులకు ఒక కిటికీ. తరువాత ఒకే యంత్రం ముందు కూర్చొన్న ఒకే గుమాస్తా అన్ని పనులూ చేయడం వచ్చినది. నెట్‌వర్కులో కూడా దారి చూపడానికి ఒక పెట్టె, దొంగలను ఆపే ఫైర్‌వాల్‌కు ఒక పెట్టె, భారం పంచడానికి మరొక పెట్టె ఉండేవి. ఒక్కొక్కటి ఒక్కొక్క కంపెనీది. 2012 అక్టోబరులో జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరంలో జరిగిన సభలో 13 పెద్ద టెలికాం సంస్థలు కలసి ఒక పత్రం ప్రకటించినవి. ఈ పెట్టెలన్నీ ఎందుకు, మామూలు సర్వరు మీద ఆ పనులను సాఫ్ట్‌వేరుగా నడపవచ్చును కదా అన్నది దాని సారాంశం. నెట్‌వర్క్ ఫంక్షన్స్ వర్చువలైజేషన్ అనే పేరు అప్పటి నుండి వాడుకలోనికి వచ్చినది.

ఈ రెంటినీ కలిపితే ఏమవుతుంది? ప్రజలకు కొత్త సేవ అందించాలంటే పూర్వం ప్రతి కార్యాలయానికి పెట్టెలు పంపవలెను, ఇంజనీరు పోవలెను, నెలలు పట్టేది. ఇప్పుడు కేంద్రంలో కూర్చొనినవారు కావలసిన పనులను సాఫ్ట్‌వేరుగా లేపి, కంట్రోలర్ చేత వాటి గుండా దారి వేయిస్తారు. యార్డులో వ్యాగన్లను ఒకదాని వెంట ఒకటి తగిలించి రేక్ తయారు చేసినట్లు, ముందు ఫైర్‌వాల్, తరువాత గుర్తింపు పరీక్ష, ఆ తరువాత ఖాతా అని వరుస కడతారు. సేవ ఒక్కరోజులో పుట్టగలదు, ఒక్కరోజులో మారగలదు.

ఈ మార్పు నిన్న మొన్న ఆకాశం నుండి ఊడిపడినది కాదు. దేశంలోని ఐదు రిజర్వేషను కేంద్రాలను కలిపి ఎక్కడి నుండి ఎక్కడికైనా టికెట్టు ఇచ్చే కాన్సర్ట్ సాఫ్ట్‌వేరు 1994లో మొదట అమలైనది మన సికింద్రాబాదులోనే. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ కలిసినవి. తపాలా శాఖ 2012లో 4,909 కోట్ల రూపాయలతో ఐ.టి. ఆధునికీకరణ చేపట్టినది. 2017 డిసెంబరులో దర్పణ్ పథకం ద్వారా గ్రామీణ బ్రాంచి పోస్టాఫీసుల చేతికి యంత్రం ఇవ్వడం ప్రారంభమైనది. 2025 ఆగస్టులో అడ్వాన్స్‌డ్ పోస్టల్ టెక్నాలజీ దేశమంతటా వచ్చినది. దానిని తయారు చేసినది మైసూరులోని తపాలా శాఖ వారి సొంత సాంకేతిక కేంద్రం. అది నడిచేది మేఘ్‌రాజ్ ప్రభుత్వ క్లౌడ్ మీద. క్లౌడ్ అంటేనే వర్చువలైజేషన్. 2025 సెప్టెంబరు 1న రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో విలీనమైనప్పుడు, నూరేండ్లకు పైబడిన సేవ ఒక ఉదయం కౌంటరు తెర మీద రూపు మార్చుకొన్నది. దిశ ఒక్కటే: తెలివి కేంద్రానికి, చేయి కౌంటరుకు.

సోదరులారా, మేము యంత్రాన్ని తిట్టడానికి రాలేదు. మేలు ఉన్నచోట మేలని చెప్పవలెను. ఒక పోస్టాఫీసుకు కేబులు లైను ఒకటి, మొబైలు లైను ఒకటి ఉన్నవనుకొనండి. పాత పద్ధతిలో మొదటిది పూర్తిగా చచ్చిన తరువాతనే రెండవ దానికి మారేది. కొత్త పద్ధతి సరిగా అమర్చితే ఏ లైను ఏ క్షణాన బాగున్నదో కొలిచి, పింఛను చెల్లింపును బాగున్న దాని మీద పంపుతుంది. తొందర లేని ఫైళ్లను వెనుకకు నెడుతుంది. ఎక్స్‌ప్రెస్సుకు దారి ఇచ్చి గూడ్సును లూప్ లైనులో నిలిపినట్లన్న మాట. మేము చెప్పిన ఆ వృద్ధురాలికి అటువంటి ఏర్పాటు ఉండినట్లయితే నాలుగు గంటలు నిలువవలసిన పని ఉండేది కాదు. మన సొంత శాఖ ఉద్యోగులే సాఫ్ట్‌వేరు వ్రాయగలరని మైసూరు కేంద్రం నిరూపించినది. అది మనకు గర్వకారణం.

కాని మరొక వైపు చూడవలెను. కేబినులో లీవర్‌మన్ తప్పు చేస్తే ఒక స్టేషనులో బండి ఆగేది. కేంద్రంలో తప్పు జరిగితే అంతటా ఆగుతుంది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సంస్థలో నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆజ్ఞ వారి మూలమార్గాలన్నింటినీ తెంచివేసినది. తప్పుడు ఆజ్ఞను పట్టుకొనవలసిన తనిఖీ సాఫ్ట్‌వేరులోనే లోపమున్నది. సుమారు ఆరు గంటలు ప్రపంచమంతటా సేవలు స్తంభించినవి. ఇంజనీర్లను యంత్రాలున్న చోటికి స్వయంగా పంపవలసి వచ్చినది. 2022 జూలై 8న కెనడాలో రోజర్స్ టెలికాం సంస్థ నెట్‌వర్కు ఒక మార్పు చేయబోయి కుప్పకూలినది. కోటీ ఇరవై లక్షలకు పైగా వినియోగదారులు చిక్కుకొన్నారు. అత్యవసర ఫోన్లు కూడా కలువలేదు. మరమ్మతు చేయవలసిన సిబ్బందికి దారి కూడా ఆ చచ్చిన నెట్‌వర్కు గుండానే ఉండడంతో వారికి కూడా చేయి ఆడలేదు. ఇవి పేద సంస్థలు కావు. తెలివిని ఒక్కచోట కుప్పపోసిన ఫలితమిది.

ఈ అడాజన్‌కు మరింత దగ్గరి పాఠమున్నది. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి వదిలిన నీటితో తాపీ పొంగి ఈ నగరాన్ని ముంచెత్తినప్పుడు అడాజన్, పక్కనున్న రాందేర్ నీటిలో ఉన్నవి. కరెంటు పోయినది. ఫోన్లు మూగవోయినవి. అటువంటి రోజులలో కంట్రోలర్ ఎంత తెలివైనదైనా ఇక్కడికి దాని మాట అందదు. ఇక్కడ ఉన్న మనిషికి ఏమి చేయవలెనో తెలిసి ఉండవలెను. చేయడానికి వ్రాతపూర్వకమైన అధికారమూ ఉండవలెను.

ఈ విషయంలో రైల్వే శాఖ నూరేండ్ల క్రిందటనే మనకు దారి చూపినది. సిగ్నలు తీగ తెగితే చేయి దానంతట అదే ప్రమాద సూచనకు పోతుంది. లోపం బండిని ఆపుతుందే గాని గుడ్డిగా పోనివ్వదు. సిగ్నలు పాడైతే బండి ఏడు నెలలు ఆగదు. స్టేషన్ మాస్టరు నియమం ప్రకారం టి/369(3బి) పత్రం వ్రాసి డ్రైవరుకు ఇస్తాడు. బండి జాగ్రత్తగా కదులుతుంది. సిగ్నల్ శాఖ వారు పాయింటు మీద చేయి వేయవలెనంటే ముందుగా టి/351 డిస్కనెక్షన్ నోటీసు ఇచ్చి, స్టేషన్ మాస్టరు సంతకం తీసుకొనవలెను. పని ముగిసిన తరువాత తిరిగి కలిపినట్లు మరల వ్రాయవలెను. పాడైన ప్రతి సిగ్నలుకు స్టేషనులోనే పుస్తకంలో నమోదు ఉంటుంది. ఏ గంటకు పోయినది, ఏ గంటకు వచ్చినది, ఎవరికి చెప్పినది, అన్నీ అందులో ఉంటవి. పైనున్న ఏ అధికారీ “మా లెక్కలో సిగ్నలు బాగానే ఉన్నది” అని ఆ పుస్తకాన్ని కొట్టివేయలేడు.

ఆ నియమాలు ఊరికే రాలేదు. ఎన్నో ప్రమాదాలు, ఎందరో కార్మికుల ప్రాణాలు వాటి వెనుక ఉన్నవి. పట్టాల మీద ఉన్న న్యాయం తీగల మీద ఎందుకు ఉండరాదు? నెట్‌వర్కు కేంద్రం ఒక అర్ధరాత్రి మార్పు చేస్తే, ఉదయం కౌంటరు తెరచిన గుమాస్తాకు ఆ సంగతి తెలియదు. ఆగిన గంటలకు అతని చేతిలో పుస్తకం లేదు. ప్రజలకు చెప్పడానికి మాట లేదు, చేయడానికి పత్రం లేదు. మిగిలినది మెమో ఒక్కటే.

అందుచేత మన ఫెడరేషన్ తరఫున ఈ ఐదు కోర్కెలు ముందుంచుతున్నాము.

మొదటిది: నెట్‌వర్కులో చేయదలచిన ప్రతి మార్పునకు డిస్కనెక్షన్ నోటీసు ఉండవలెను. ఏ కార్యాలయాలకు, ఏ గంట నుండి ఏ గంట వరకు అన్నది ముందుగా తెలియవలెను. పింఛను రోజులలో, తత్కాల్ గంటలలో, పండుగ రద్దీలో మార్పులు చేయరాదు. మార్పును మొదట కొద్ది కార్యాలయాలలో పరీక్షించి, బాగున్నదని తేలిన పిమ్మట తక్కిన వాటికి వ్యాపింపజేయవలెను.

రెండవది: ప్రతి కౌంటరు వద్ద నెట్‌వర్కు లోపాల పుస్తకం ఉండవలెను. పోస్టాఫీసులో ఎర్రర్ బుక్ మనకు కొత్త కాదు. ఉద్యోగి అందులో వ్రాసిన సమయానికి కేంద్రం లెక్కతో సమానమైన విలువ ఇవ్వవలెను. కేంద్రం కూడా లైను నాడి మాత్రమే గాక, ఒక లావాదేవీ పూర్తి కావడానికి ఎంతసేపు పట్టినదో కొలిచి చూడవలెను. నెట్‌వర్కు ఆలస్యానికి ఉద్యోగి సంజాయిషీ అడగరాదు.

మూడవది: లైను లేని వేళ పనిచేసే అధికారపత్రం కావలెను. ఒక పరిమితి వరకు అత్యవసర చెల్లింపు, చేతివ్రాత రసీదు, తరువాత యంత్రంలో ఎక్కించే పద్ధతి, వీటికి స్పష్టమైన నియమాలు వ్రాయవలెను. ఆ నియమాల ప్రకారం చేసిన చెల్లింపులో నష్టం వస్తే దానిని ఉద్యోగి జీతం నుండి రాబట్టరాదు.

నాలుగవది: శిక్షణ. పనివేళలలోనే, మాతృభాషలో, తెర మీద ఏ గుర్తుకు ఏమి అర్థమో చెప్పే శిక్షణ ఇవ్వవలెను. తపాలా శాఖలో గుమాస్తాలలో నుండి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లుగా ఎదిగినవారు, రైల్వేలో సిగ్నల్-టెలికాం మెయింటెయినర్లు ఈ కొత్త విద్యకు మొదటి హక్కుదారులు. కంట్రోలర్ ముందు కుర్చీ కాంట్రాక్టరుది, కౌంటరు ముందు తిట్లు మనవి అనే విభజనను మేము ఒప్పుకొనము.

ఐదవది: పోస్టులు. వర్చువల్ అనే మాట విని ఎవరూ మోసపోరాదు. సాఫ్ట్‌వేరుగా మారినది పెట్టె, తీగ మారలేదు. పొక్లెయిను తెంపిన ఫైబరును అర్ధరాత్రి వానలో వెదకి అతికేది మనిషే. బ్యాటరీ మార్చేది మనిషే. తెర ఆగినప్పుడు వరండాలోని వృద్ధురాలికి కుర్చీ వేసి కూర్చోబెట్టేది మనిషే. పని కేంద్రానికి పోయినదని చెప్పి ఈ పోస్టులను రద్దు చేస్తే, ఆ సొమ్ము ఆదా కాదు. ఆ భారం మిగిలిన వారి నడుము మీద పడుతుంది.

ఈ కోర్కెలలో ఒక్కటి కూడా యంత్రాన్ని ఆపమనడం లేదు. యంత్రం పనిచేయాలంటే దాని పక్కన నియమం ఉండవలెనని మాత్రమే చెబుతున్నవి. నిర్ణయించే అధికారం ఎక్కడికి పోతే బాధ్యత కూడా అక్కడికి పోవలెను. బాధ్యత మన వద్దనే ఉంచుతామంటే, అందుకు తగిన అధికారం కూడా మన వద్దనే ఉంచవలెను.

చివరిగా ఒక పని అప్పగిస్తున్నాము. ఫెడరేషన్ ఉత్తరువు కొరకు వేచి ఉండనవసరం లేదు. రేపటి నుండే మీ మీ కార్యాలయాలలో ఒక నోటు పుస్తకం తెరవండి. లైను ఎప్పుడు పోయినది, ఎప్పుడు వచ్చినది, ఎందరు తిరిగి వెళ్ళినారు, ఎవరికి ఫోను చేసినారు, ఆ రోజు కౌంటరులో ఉన్నవారు సంతకంతో వ్రాయండి. ఖాతాదారుల పేర్లు, నంబర్లు వ్రాయనవసరం లేదు. మూడు నెలల తరువాత ఆ పుస్తకాలన్నింటినీ బల్ల మీద పరచి చర్చలకు కూర్చొందాము. కేంద్రం వద్ద కేంద్రం లెక్క ఉంటుంది. మన వద్ద మన లెక్క ఉండవలెను. ఏడు నెలలు పోరాడి మేము గెలిచిన ఆ కేసులో చివరకు ఉపయోగపడినది, ఆ సబ్ పోస్టాఫీసు ప్యాకర్ తన జేబు డైరీలో పెన్సిలుతో వ్రాసుకొన్న రెండు అంకెలు: పదిన్నర, రెండున్నర.

ఆ వృద్ధురాలి ప్రశ్నకు జవాబు ఇంకా బాకీ ఉన్నది. దానిని చెప్పే అధికారం కౌంటరులో ఉన్న మన సోదరునికి వచ్చేవరకు ఈ కోర్కెలను వదలము.